ఇంట్లో కూర్చుని చేసే పనేగా!

‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ని తెలుగులో ఏమంటారు మేడమ్ అని ఈ మధ్య ఒక విద్యార్థిని అడిగింది. సమతూకం అన్నాను. అన్నాక ఆ మాట నాకే మింగుడు పడలేదు. తూకం అనగానే కాటా గుర్తొస్తుంది. మా పేటవాళ్లకి తెలిసిన కాటా ఎప్పుడూ కొట్టున్నవాడి చేతిలోనో చేనున్నవాడి చేతిలోనో ఉండేది. ధాన్యం కొలిచినా, కొబ్బరికాయలు లెక్కపెట్టినా, కూలి కట్టినా చెయ్యి వాళ్లదే. అందుకని ఎవరైనా వేదికెక్కి ‘పనికీ పిల్లలకీ మధ్య బ్యాలెన్స్ తెచ్చుకోండమ్మా’ అంటే నాకు ముందు వచ్చే అనుమానం ఒక్కటే. కాటా ఎవరి చేతిలో ఉంది?

ఈ భాగంలో ఆ అనుమానాన్ని ఒక పని మీద పెట్టి చూద్దాం. పనిపేరు మోషన్ డిజైన్. సినిమా మొదట్లో పేర్లు తేలుతూ వచ్చి నిలబడతాయి. ఎన్నికల ఫలితాల రోజు టీవీలో అంకెలు గిర్రున తిరిగి ఆగుతాయి. యూట్యూబ్‌లో పాట నడుస్తుంటే సాహిత్యం ముక్కముక్కగా వెలుగుతుంది. ఏప్రిల్ 14కి మీరందరూ స్టేటస్‌లో పెట్టుకునే నీలం వీడియోలో బాబాసాహెబ్ కళ్లజోడు మీద చిన్న మెరుపు పరుగెడుతుంది. ఇవన్నీ ఎవరో కూర్చుని కదిలించినవే. మీలో చాలామంది ఈ పని నేర్చుకోవాలనుకుంటున్నారని నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలి అన్నప్పుడు పోలీసు ఉద్యోగం, గ్రూప్ టూ, గల్ఫ్ తర్వాత ఇప్పుడు నాలుగో మాటగా ‘ఎడిటింగ్’ వినిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకామె ఈ పని చేస్తుంది. రాజోలు వైపు ఒక పేట. పేరు రాయొద్దంది, రాయను. హైదరాబాద్ స్టూడియో ఒకటి ఇచ్చే పని ఇంటి దగ్గర నుంచే చేస్తుంది. అది లేనప్పుడు పెళ్లి పిలుపు వీడియోలు, చర్చి పాటలకి లిరికల్ వీడియోలు, సంఘాల వాళ్లకి జయంతి వీడియోలు. నాలుగేళ్ల పాప ఉంది. భర్త రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. ఊళ్లో వాళ్లు ఆమె పని గురించి అనే మాటే పైన పెట్టాను.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా రాస్తాను. మన పిల్లల కష్టం గురించి అందరూ రాస్తారు, పనితనం గురించి ఎవరూ రాయరు.

సినిమాకి సెకనుకి 24 బొమ్మలు, మన టీవీకి 25. అన్నీ చేత్తో గియ్యాల్సిన కాలం పోయింది. మధ్య బొమ్మల్ని కంప్యూటర్ నింపుతుంది. కానీ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఆగే ముందు ఎంత నెమ్మదించాలో మనిషే చెప్పాలి. ఆ చెప్పే చోటుని కీఫ్రేమ్ అంటారు. బరువైన వస్తువు ఆగినట్టు ఆగాలా, ఆకు వాలినట్టు వాలాలా అన్నది ఆ కీఫ్రేముల మధ్య దూరంలో ఉంటుంది. ఇదంతా యూట్యూబ్‌లో దొరుకుతుంది. దొరకనిది తెలుగు.

‘స్త్రీ’ అని రాయండి. మన కంటికీ నోటికీ అది ఒకటే అక్షరం. యూనికోడ్‌లో ఆరు ముక్కలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చేలా చేసే రెడీమేడ్ ఎఫెక్టులు ఇంగ్లీషుని చూసి చేసినవి. వాటిని తెలుగు మీద వేస్తే ఒత్తు ఒక దిక్కుకీ గుడి ఒక దిక్కుకీ పోతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్ 1993లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా అందులో తెలుగు టైపు చేస్తే ఒత్తులే సరిగ్గా పడేవి కావు. అందుకే మన డీటీపీ సెంటర్లలో పెరిగిన డిజైనర్లు అను ఫాంట్లలో కొట్టి, ఫోటోషాప్‌లో బొమ్మగా మార్చి, దాన్ని తెచ్చుకుని కదిలించేవాళ్లు. ఒక్క అక్షరం తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. ఛందస్సు చెప్పేటప్పుడు నేను క్లాసులో చెప్పేదే ఇది. అక్షరం అంటే నోరు ఒక్కసారి పలికే ముక్క, గీతల కుప్ప కాదు. నేను పద్యంతో చెప్పే పాఠాన్ని ఆమె ప్రతి పాటకీ చేత్తో చేస్తుంది. ఎక్కడ విడదియ్యాలో, ఎక్కడ విడదియ్యకూడదో ఒక్కో అక్షరానికీ తనే నిర్ణయించుకుంటుంది.

ఆ మధ్య ఒక పాటకి అక్షరాలు రాస్తున్నట్టు రావాలని అడిగారట. మొదట చేసినవి పైనుంచి కిందకి తెర లాగినట్టు వచ్చాయి. ఏదో తేడా ఉంది, ఏమిటో తెలియలేదు. పాప పలక మీద దిద్దుతుంటే చూసిందట. వేలు ముందు అక్షరం ఒంటిని చుట్టి వస్తుంది, తలకట్టు చివర్న పడుతుంది. వెళ్లి అన్నిటికీ తలకట్టు చివర్న పడేలా మార్చింది. ఆ వీడియో నేను చూశాను. తెరమీద మన చెయ్యి తిరిగినట్టే ఉంది.

ఇది చదివి ‘పిల్లలే ప్రేరణ’ అని రీలు చెయ్యకండి. పాప చాలా రోజులు దిద్దింది. ఆ ఒక్కరోజు పలక వైపు చూడ్డానికి తల్లికి పది నిమిషాలు తీరిక దొరికింది. నేను మాట్లాడుతున్నది ఆ పది నిమిషాల గురించి.

(ఇంకో మాట, పక్కదారే అయినా. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు చూడండి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామరాజ, శ్రీకృష్ణదేవరాయ. రాయలవారి కొలువంతా ఉంది. నేను వెతికిన పేర్లలో జాషువా లేడు, బోయి భీమన్న లేడు. ఫాంట్ చేసినవాళ్ల శ్రమ మీద నాకు గౌరవమే, మా అమ్మాయి రోజూ వాటితోనే బతుకుతోంది. పేరు పెట్టేటప్పుడు ఎవరు గుర్తొస్తారన్నదే నా ప్రశ్న.)

ఇక నేర్చుకోవడం. ఈ రంగంలో అందరూ గర్వంగా చెప్పుకునే మాట ‘సెల్ఫ్ టాట్’. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను అని. ఆమెని అడిగితే అలా అనలేదు. అమలాపురంలో ఫ్లెక్సీలు కొట్టే షాపులో పనికి చేరిందట. అక్కడ ఒకబ్బాయి షార్ట్‌కట్లు చూపించాడు. ఇంగ్లీషు వీడియోల్లో మాట అర్థం కాకపోతే మౌస్ ఎటు పోతోందో చూసి నేర్చుకుంది. సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా అద్దె కట్టలేక బ్లెండర్‌కి మారింది. బ్లెండర్ ఉచితం. 2002లో ప్రపంచం నలుమూలల నుంచి చందాలు పోగేసి, దాన్ని కంపెనీ చేతిలోంచి విడిపించి అందరిదీ చేశారు. దానితో తీసిన ‘ఫ్లో’ అనే లాత్వియా సినిమాకి 2025లో ఆస్కార్ వచ్చింది. చందా డబ్బుతో హాస్టళ్లు, లైబ్రరీలు కట్టుకున్న జనానికి ఈ కథ ఏమంత వింతగా ఉండదు. ఆమె మొదటి ల్యాప్‌టాప్ కువైట్ డబ్బు. దాని గురించి కింద చెప్తాను. ఇంతమంది చేతులున్నప్పుడు సెల్ఫ్ టాట్ అన్న మాటలో ‘సెల్ఫ్’ ఎవరు?

చూసి నేర్చుకోవడం మనకి కొత్త కాదు. తోలు పదును పెట్టడం, చెప్పు కుట్టడం, డప్పుకి చర్మం బిగించి మంట మీద కాచడం ఏ బడిలోనూ చెప్పలేదు. దాన్ని ‘కులవృత్తి’ అన్నారు. అదే నేర్పు ఇంకొకరి చేతిలో ఉంటే ‘డిజైన్’ అన్నారు. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు లోటా, అంటే మన చెంబు. ఎన్ని నీళ్లు పడతాయి, ఎలాంటి చేతులు పట్టుకుంటాయి, తలమీద మోస్తారా నడుం మీద మోస్తారా, ఎలా ఒంపుతారు, ముట్టుకుంటే ఎలా ఉంటుంది అని ఎన్నో ప్రశ్నలు వేసుకున్నారు. మంచి ప్రశ్నలే, డిజైన్ చదివే ప్రతివాళ్లూ చదవాల్సినవే. కానీ ఆ చెంబుని ఎవరు ముట్టుకోకూడదు అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. మహద్ చెరువు పోరాటం 1927లో జరిగింది. అది అయిన 31 ఏళ్ల తర్వాత ఈ దేశపు చెంబు మీద రాసిన పాఠంలో అంటరానితనం ఊసు లేదు. మన పిల్లలు డిజైన్ బడుల్లోకి వెళ్లాలని నేను గట్టిగా కోరుకునేది ఉద్యోగాల కోసం మాత్రమే కాదు, ఆ జాబితాకి ఆ ఒక్క ప్రశ్న కలపడం కోసం కూడా. ఆంధ్రప్రదేశ్‌కీ 2015లో ఒక ఎన్‌ఐడీ వచ్చింది. మా కాలేజీ పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కదిలే బొమ్మ కూడా మనకి కొత్త కాదు. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. తెర వెనక మొగుడూ పెళ్లాం ఇద్దరూ బొమ్మలాడించేవాళ్లు, సీత గొంతు ఆవిడది. పిల్లలూ ఆ తెర వెనకే పెరిగారు. ఆ రోజులు బంగారం అని నేననను. ఊరూరూ తిరిగి, ఇచ్చింది తిని బతికిన జీవితం అది. అయితే ‘పని ఒకచోట, పిల్లలు ఒకచోట’ అన్న విభజన కళ పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాదని మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ విభజన స్టూడియోతో వచ్చింది. 1930ల్లో డిస్నీ వాళ్లు ఉద్యోగం అడిగిన ఆడవాళ్లకి, బొమ్మల సృజన పని మగవాళ్లే చేస్తారు, మీకు సిరా గీతలు దిద్దే పనీ రంగులు నింపే పనీ ఉన్నాయి అని ఉత్తరాలు రాశారు. ఆ తర్వాతి తరంలో సినిమా టైటిళ్లని ఒక కళగా నిలబెట్టింది సాల్ బాస్ అంటారు. ‘వెర్టిగో’లో తిరిగే సుడులు ఆయనవే. ఆయన భార్య ఇలేన్ బాస్ ‘స్పార్టకస్’ నుంచీ ఆయనతో కలిసి పనిచేసింది. పిల్లలు పుట్టాక ఆవిడ చాలాకాలం పని పక్కన పెట్టి వాళ్లని పెంచింది. తర్వాత మళ్లీ వచ్చి 1990ల్లో స్కోర్సేసీ సినిమాలకి భర్తతో కలిసి టైటిళ్లు చేసింది. గొప్ప పని. కానీ మోషన్ డిజైన్ చరిత్ర చెప్పే చాలా వీడియోల్లో ఆయన పేరొక్కటే వినిపిస్తుంది. అక్కడ, ఆ డబ్బున్న ఇంట్లో, ఆ పేరున్న ఇంట్లో కూడా ఆగింది తల్లే. ‘సాల్ బాస్ పిల్లల్నీ పనినీ ఎలా బ్యాలెన్స్ చేశాడు’ అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాల్లో పేటల్లోకి వెళ్లి ఏ ఇంట్లో అడిగినా ఒక కువైటో, దుబాయో, మస్కట్టో వినిపిస్తుంది. మగాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్లారు. ఆడవాళ్లు ఖద్దామాలుగా, అంటే ఇంటి పనిమనుషులుగా వెళ్లారు. గల్ఫ్ దేశాలకి ఇంటి పని కోసం వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నియమం. వాళ్ల రక్షణ కోసమే పెట్టారు. కానీ మన ఊళ్లలో 30 ఏళ్ల ఆడమనిషి అంటే ఎవరు? బడికెళ్లే పిల్లలున్న తల్లి. అంటే చట్టప్రకారం ఎగుమతి అయ్యేది తల్లులే. (ఆ నియమం దాటడానికి ఏజెంట్లు చేసే వయసు మార్పులు, విజిట్ వీసాల సంగతి వేరే కథ.) అక్కడ ఆమె చేసే పనిలో పెద్ద వాటా పిల్లల్ని పెంచడం. గల్ఫ్‌లో మొదటిసారిగా ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో ఒక చట్టం చేసింది. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక సెలవు అని. అది ముందుకడుగేనని చెప్పుకున్నాం కూడా. పన్నెండు గంటలు!

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ కువైట్ వెళ్లింది. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చి నెలా రెండు నెలలు ఉండి మళ్లీ వెళ్లేది. అమ్మమ్మ పెంచింది. ల్యాప్‌టాప్, హాస్టల్ ఫీజు, ఇంటి మీద స్లాబు అన్నీ ఆ డబ్బే. కరోనా ఏడాది వేసిన ప్రత్యేక విమానాల్లో ఒకదాంట్లో ఆవిడ వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు మనవరాలిని పెంచుతోంది. ఒకరోజు నేను వాళ్లింట్లో ఉండగా పాపకి అన్నం పెడుతూ, పక్కగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేసుకుంటున్న కూతురి వైపు చూసి అంది: “ఈ వయసులోనే కదమ్మా దీన్ని వదిలి వెళ్లాను. అక్కడ నేను ముగ్గుర్ని పెంచాను మేడమ్. వాళ్లకి అరబ్బీలో జోలపాటలు కూడా నేర్చుకుని పాడాను.” ఏడుస్తూ చెప్పలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఈ లెక్క ముందు పెట్టుకుని ఆ సెమినార్ల మాట వినండి. పొద్దున్నే నాలుగింటికి లేవండి, యాప్‌లో టైం బ్లాకులు పెట్టుకోండి, పాషన్ ఉంటే కుదురుతుంది. మా అమ్మాయికి కుదిరింది. కుదిర్చింది ఎవరు? ఇరవై ఏళ్లు పరాయి పిల్లల్ని పెంచిన ఆవిడ ఇప్పుడు జీతం లేకుండా మళ్లీ అదే పని చేస్తోంది కాబట్టి కుదిరింది. అక్కడ కనీసం దినార్లు ఇచ్చారు. నేను అడిగేది ఆ ఇంట్లోవాళ్లని కాదు, వాళ్ల ప్రేమ వాళ్లిష్టం. ఆ పని వల్ల లాభం పొందేవాడిని అడుగుతున్నాను. రాత్రి పదకొండింటికి ‘చిన్న మార్పే, పొద్దున్నకల్లా కావాలి’ అని మెసేజ్ పెట్టే క్లయింట్‌కి తెలుసా, ఆ మార్పు వెనక ఒక ముసలావిడ మేలుకుని పాపని జోకొడుతోందని?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ప్రశ్న కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడవాళ్లకి ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ దాన్ని బలపరుస్తూ మాట్లాడారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఉండటం దేశానికే మేలని, ఆ భారంలో ప్రభుత్వానికి వాటా ఉండాలని, ఆమె శ్రమతో లాభపడే యజమాని కూడా కొంత మొయ్యాలని ఆయన వాదన. మరుసటి ఏడాది బొంబాయిలో ఆ చట్టం వచ్చింది. ఆయన తల్లిని ‘బ్యాలెన్స్ నేర్చుకో’ అనలేదు. ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో చెప్పారు. జయంతి వీడియోల్లో కళ్లజోడు మెరుపు చాలా బాగుంటోంది. ఆ కళ్లజోడులోంచి ఆయన ఏం చూశారో కూడా ఎప్పుడైనా ఒక వీడియో చెయ్యండి.

ఇప్పుడు చట్టం ఎక్కడుంది? 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చారు. 50 మంది, ఆ పైన ఉన్న సంస్థలు క్రెష్ పెట్టాలన్నారు. మంచిదే. కానీ అది ‘ఉద్యోగి’కి. మా అమ్మాయి ఆ స్టూడియో లెక్కల్లో ఉద్యోగి కాదు, ‘వెండర్’. ఇటుకలు సరఫరా చేసే వాడెంతో ఈమె అంత. కాన్పుకి వారం ముందు దాకా పనిచేసింది, నెల తిరక్కుండా మళ్లీ కూర్చుంది. ఆ నెలకి రూపాయి రాలేదు. ‘ఫ్రీలాన్స్’ అనే మాటలో ఫ్రీ ఎవరికి అన్నది మీరే ఆలోచించండి.

ఇంటి నుంచి పనిచేస్తే కులం అంటదని కూడా కొందరంటారు. తెరమీద ఎవరు చూస్తారు మేడమ్, ఫైల్‌కి కులం ఉండదు కదా అని. 2022 మే 24 గుర్తుందా? ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాల్చారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి రాలేదు. అప్పటికి పాపకి మూడు నెలలు. ఒక పాట ఫైలు పంపాల్సిన గడువు దగ్గర పడింది. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చంకలో పాప, పక్కన వాళ్లమ్మ. ముగ్గురూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్లారు. అవతలి ఒడ్డుకి చేరుతుంటే ఫోన్ వరసగా మోగడం మొదలైందట. తెలిసినవాళ్లింట్లో కూర్చుని ఫైలు ఎక్కిస్తుంటే పాప పాలు తాగుతోంది. స్టూడియో వాళ్లు ఆలస్యమైందని డబ్బు తగ్గించారు. కారణం చెప్పావా అని అడిగాను. “ఏం చెప్పమంటారు మేడమ్? ఏ పేరు కోసం గొడవో చెప్పాలి. చెబితే నేను ఎవరో చెప్పినట్టే కదా” అంది. ‘వాతావరణం బాలేదు, నెట్ పోయింది’ అని రాసిందట. జిల్లాకి ఆ పేరు జూన్‌లో ఖాయమైంది. ఆమె ఇన్‌వాయిస్‌లో అడ్రస్ కింద ఇప్పుడు పూర్తిగా రాస్తుంది, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని. పొడుగైందని ఒక క్లయింట్ విసుక్కున్నాడట.

మరి తండ్రి? ఈ భాగం మొదలుపెట్టినప్పుడే కొందరు కుర్రాళ్లు ఇది ఆడవాళ్ల టాపిక్ అనుకుని ఉంటారు. ఆమె భర్త రాత్రంతా చెరువు గట్టు మీద ఏరియేటర్లు ఆగకుండా చూసుకుని పొద్దున్నే ఇంటికొచ్చి పాపకి జడలేసి, అంగన్‌వాడీలో దింపి, అప్పుడు పడుకుంటాడు. ‘మొగుడి చేత జడలేయిస్తోంది’ అని వీధిలో అనుకుంటారు. మీ సంఘంలో, మీ హాస్టల్లో ఎంతమందికి జడ వెయ్యడం వచ్చో అడిగి చూడండి. కులనిర్మూలన మీద రాత్రంతా చర్చ పెట్టి, పొద్దున్న టీ కప్పులు కడగడానికి కామ్రేడ్ చెల్లెళ్ల వైపు చూసే సభలు నేను చాలా చూశాను.

అంగన్‌వాడీ అన్నాను కదా. ఈ దేశంలో పేద తల్లికి కాస్త తీరిక ఇచ్చిన ప్రభుత్వ ఏర్పాటు ఏదైనా ఉందంటే 1975లో మొదలైన ఆ అంగన్‌వాడీయే. కానీ అక్కడ కూర్చోబెట్టి చూసుకునేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఆ లోపు పిల్లలకి ఇంటికి సరుకులిస్తారు. అంటే తల్లికి తీరిక అన్నిటికంటే అవసరమైన మొదటి మూడేళ్లూ ఆమెకి దొరికేది తీరిక కాదు, పాల ప్యాకెట్టు. ఆరు నెలల పిల్లల నుంచీ చూసుకునే ‘పాల్నా’ క్రెష్‌లు పెడతామని కేంద్రం 2022లో చెప్పింది. మీ మండలంలో ఒక్కటైనా ఉందా? కలెక్టరేట్‌కి అర్జీ పట్టుకెళ్లే విద్యార్థి సంఘాలు ఈసారి స్కాలర్‌షిప్పుల కాగితంతో పాటు ఈ కాగితం కూడా తీసుకెళ్లాలి. పిల్లల్ని చూసుకునే వాళ్ల సంగతి కూడా అందులోనే రాయాలి. 2023 డిసెంబరులో రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మె చేశారు. 42 రోజులు. అప్పుడు టీచర్ జీతం నెలకి 11,500 రూపాయలు. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది. అత్యవసరమైతే అత్యవసరమైన జీతం ఇవ్వాలి కదా అని వాళ్లు అడిగారు.

కాలేజీల సంగతి నాకు తెలిసినంత చెప్తాను. డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు ఉన్నాయి. నాలుగింటికి తాళం వేస్తారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ నాలుగు నుంచి ఏడు మధ్యే. తాళం తియ్యడానికి ఒక అటెండర్‌కి మూడు గంటల జీతం చాలు. మన కాలంలో చదువు అంటే బడి గుమ్మం దాటడమే. భీమన్న ‘పాలేరు’ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపామని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. ఇప్పుడు గుమ్మం దాటిన పిల్లకి ల్యాబ్ తాళం అడ్డం. బ్లెండర్ ఉచితం, అది నడిచే గది ఉచితం కాదు.

మొన్న ఆమెతో మాట్లాడాను. కొటేషన్ కాగితంలో కొత్తగా ఒక వరుస చేర్చిందట. రాత్రి తొమ్మిది దాటాక అడిగే మార్పులకి వేరే రేటు. దాని కింద ఇంకో వరుస, కాన్పు అయిన వాళ్ల పనికి గడువు రెట్టింపు. “మీకు మళ్లీ కాన్పా?” అని ఒక క్లయింట్ అడిగాడట. “నాకు కాదండీ, నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయికి” అందట. ముగ్గురు పాత క్లయింట్లలో ఒకరు పోయారు, ఇద్దరు ఒప్పుకున్నారు. కాగితం పంపమని అడిగాను, పేర్లు తీసేసి పంపింది. కావాల్సిన వాళ్లు అడగండి, ఇస్తాను.

వచ్చే భాగంలో ఫ్లెక్సీ షాపుల గురించి, అక్కడ పనిచేసే మన కుర్రాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.